ఎరుక కలిగాక ఇల్లూ ఉద్యోగం భయం లేకుండా నడుపుకోవడం

ధ్యానంలో కూర్చున్నప్పుడో, ఇంట్లో ఎవరో పోయిన దుఃఖంలోనో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో లోపల ఒక ముడి వీడిపోతుంది. ఇన్నాళ్లూ ‘నేను’ అనుకుని మోసినది అంత గట్టిది కాదని తెలిసిపోతుంది. ఈ ఎరుక కలిగాక కొన్నాళ్లు చెప్పలేనంత తేలిగ్గా ఉంటుంది. అంతలో ఐదో తారీఖు వస్తుంది. ఫ్లాటు మీద ఈఎంఐ, పిల్లల బడి ఫీజు, నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న అమ్మానాన్నల మందులు, ఆఫీసులో ఆగిపోయిన పని, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. చెన్నైలో ఉంటూ ఇల్లూ ఉద్యోగం చూసుకునే తెలుగువాళ్లకు ఈ దశలో పనికొచ్చే పద్ధతులు ఇవి. ఇల్లు వదిలి వెళ్లాలని నిశ్చయించుకున్నవాళ్ల దారి వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఈ దశలో ఇబ్బంది రెండు రకాలుగా వస్తుంది. కొందరికి భయం నిజంగానే తగ్గిపోతుంది, దాంతోపాటు పనులూ ఆగిపోతాయి. కార్డు బిల్లు గడువు దాటుతుంది, పాలసీ ఆగిపోతుంది, మేనేజరు అడిగినదానికి నవ్వి ఊరుకుంటారు. ‘అంతా దానంతటదే జరుగుతుంది’ అని మనసు చెబుతూ ఉంటుంది. మరికొందరికి మూడు నాలుగు వారాలు హాయిగా గడిచాక భయం రెట్టింపై తిరిగొస్తుంది. తమకు కలిగిందంతా భ్రమేనేమో అని కుంగిపోతారు.

రెండింటికీ మూలం ఒకటే. ఇన్నేళ్లూ మన ఇంట్లో భయమే గుమాస్తా పని చేసింది. కరెంటు తీసేస్తారేమో అన్న భయంతో బిల్లు కట్టాం, ఉద్యోగం పోతుందేమో అన్న భయంతో పొద్దున్నే లేచాం, నలుగురూ ఏమంటారో అన్న భయంతో పెళ్లిళ్లకు వెళ్లాం. గుమాస్తా ఉన్నట్టుండి మానేస్తే లెక్కలు చూసే మనిషి ఉండడు. లెక్కలు తప్పి పరిస్థితి నిజంగానే చెడితే, గుమాస్తా మళ్లీ వచ్చి కూర్చుంటాడు. కాబట్టి భయం చేసిన పనిని ఒక పద్ధతికి అప్పగించాలి. పద్ధతి ఎంత గట్టిగా ఉంటే భయానికి అంత పని తగ్గుతుంది.

ఇది మన పెద్దలకు కొత్త విషయం కాదు. బృహదారణ్యక ఉపనిషత్తులో ‘అభయం వై జనక ప్రాప్తోఽసి’ అని యాజ్ఞవల్క్య మహర్షి చెప్పింది విదేహ రాజ్యాన్ని ఏలుతున్న జనకుడికి. భయం లేని స్థితికి చేరావు అన్నాడు కానీ రాజ్యం వదిలెయ్ అనలేదు. 1896లో మధురైలో, 16 ఏళ్ల వయసులో చావు భయం ఆవరించినప్పుడు దాన్ని లోపలికి తిరిగి చూసి తేల్చుకున్న రమణ మహర్షి, తర్వాత ఏళ్ల తరబడి తెల్లవారుజామునే ఆశ్రమం వంటింట్లో కూర్చుని కూరలు తరిగారు. ఏదీ వృథా కానిచ్చేవారు కాదు. లోపల తేలికపడటం, బయట పని శ్రద్ధగా జరగడం ఒకే మనిషిలో ఉండగలవు.

మొదటి మండలం: చేయకూడనివి

అనుభవం కలిగిన తర్వాత ఒక మండలం, అంటే 40 రోజులు, వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఏదీ వద్దు. ఆ రోజుల్లో మనసు చాలా స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది, అసలు చిక్కు అదే. స్పష్టత నిజమే కావచ్చు, కానీ అందులోంచి పుట్టిన ప్రతి ఆలోచనా నిజం కానక్కర్లేదు. నిర్ణయం సరైనదైతే 41వ రోజునా సరైనదిగానే ఉంటుంది.

ముఖ్యంగా ఉద్యోగానికి రాజీనామా పంపకండి. పౌర్ణమికి తిరువణ్ణామలై వెళ్లి, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసి, తెల్లారేసరికి ఉద్యోగం మానేయాలని తేల్చుకునేవాళ్లు తక్కువేం కాదు. ప్రదక్షిణ చేయండి, నిర్ణయం మాత్రం ఇంటికొచ్చి నిద్రపోయి లేచాక కూడా ఆపండి. ఇల్లు, పొలం ఎవరి పేరుకూ రాసివ్వకండి. రిజిస్టరైన దానపత్రాన్ని మనసు మారిందని రద్దు చేసుకోవడం కుదరదు. విడాకుల మాట ఎత్తకండి. బీపీ, షుగరు, థైరాయిడ్, మానసిక వైద్యుడు రాసిన మాత్రలు, వీటిలో ఏదీ సొంతంగా ఆపకండి. డిప్రెషన్ మందులూ, గుండెదడకు వాడే కొన్ని మందులూ హఠాత్తుగా మానితే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఆ వణుకునూ దడనూ చూసి ‘శక్తి లేస్తోంది’ అనుకునే ప్రమాదం ఉంది.

డబ్బు ఇవ్వడం విషయంలోనూ ఒక గీత ఉండాలి. మొదటి ఆరు నెలలు దానధర్మాలు, కోర్సులు, యాత్రలు అన్నీ కలిపి నెల జీతంలో ఇరవయ్యో వంతు దాటకుండా చూసుకోండి. చెన్నై పక్కన తిరుముడివాక్కంలో ఉన్న ధమ్మ సేతు కేంద్రంలో 10 రోజుల విపశ్యన ధ్యానం కోర్సుకు ఫీజు లేదు. కోర్సు పూర్తయ్యాక తోచినంత ఇవ్వొచ్చు, ఇవ్వకపోయినా అడగరు. ఇలాంటివి ఉండగా, లక్ష కడితే ‘తర్వాతి మెట్టు’ ఎక్కిస్తామనేవాళ్ల దగ్గర మీకు పనిలేదు. భయం తగ్గిన మనిషి సులువుగా నమ్ముతాడని వాళ్లకు బాగా తెలుసు.

తారీఖుల పుస్తకం

ఒక పొడుగు నోటుపుస్తకం కొనండి. ఫోన్‌లో అలారాలూ పెట్టుకోండి, కానీ పుస్తకం తప్పనిసరి. ఫోన్‌లోది మీకు మాత్రమే కనబడుతుంది, పుస్తకం ఇంట్లో ఎవరైనా తెరిచి చూడొచ్చు. నెలకో పేజీ. ప్రతి పేజీలో నాలుగు గడులు: తారీఖు, ఎవరికి, ఎంత, కట్టాక టిక్కు.

చెన్నైలో ఉన్నవాళ్లు రాసుకోవలసిన వాటిలో తప్పిపోయేవి ఎక్కువగా రెండు నెలలకోసారి, ఆరు నెలలకోసారి వచ్చేవే. నెలనెలా వచ్చేవాటికి అలవాటు కాపలా కాస్తుంది. ఈబీ బిల్లు, అంటే కరెంటు బిల్లు, రెండు నెలలకు ఒకసారి వస్తుంది. రీడింగు తీసిన రోజు నుంచి 20 రోజుల్లో కట్టాలి, లేదంటే కనెక్షన్ తీసేస్తారు. కాబట్టి ఆఖరు తేదీతోపాటు రీడింగు తేదీని కూడా పుస్తకంలో ఎక్కించండి. కార్పొరేషన్ ఆస్తి పన్ను ఏడాదికి రెండు విడతలు. ఏప్రిల్ నెలలోపల, అక్టోబరు నెలలోపల కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది. గడువు దాటితే వడ్డీ పడుతుంది. మెట్రో వాటర్ పన్ను వేరే, దాన్ని ఆస్తి పన్నుతో కలిపి కట్టేశాం అనుకుని మరిచిపోయేవాళ్లు చాలామంది. ఆదాయపు పన్ను రిటర్ను జీతగాళ్లకు మామూలుగా జూలై 31.

ఈఎంఐ ఎప్పుడు తీసుకుంటారో చూసి, ఆ తేదీకి రెండు రోజుల ముందే అకౌంట్లో డబ్బు ఉండేలా జీతం అకౌంటు నుంచి ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. ఒక్కసారి తప్పితే బౌన్సు ఛార్జీ, క్రెడిట్ స్కోరు మీద మచ్చ. వరుసగా 90 రోజులు దాటితే బ్యాంకు ఆ అప్పును మొండి బాకీల్లో వేస్తుంది, అక్కడి నుంచి వ్యవహారం వేరే దారి పడుతుంది. క్రెడిట్ కార్డుకు మాత్రం ‘మినిమం’ కాకుండా మొత్తం బిల్లుకు ఆటో పేమెంట్ పెట్టండి. మిగిలిన బాకీ మీద ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడే కార్డులు మామూలే.

బీమా దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ‘ఈ దేహం నేను కాదు’ అనిపించినవాళ్లు మొదట వదిలేసేది టర్మ్ పాలసీని, అంటే మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమాని. దేహం మీది కాకపోవచ్చు, ఆ పాలసీ కూడా మీది కాదు, మీ భార్యాపిల్లలది. వార్షిక ప్రీమియానికి 30 రోజులు, నెలవారీ ప్రీమియానికి 15 రోజులు అదనపు గడువు ఇస్తారు. అది దాటితే పాలసీ ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెట్టాలంటే ఆరోగ్య పరీక్షలు అడగొచ్చు. ఆరోగ్య బీమాలో ప్రీమియం కట్టని ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే ఖర్చు మీ మీదే పడే ప్రమాదం ఉంది. అందుకని ఈ రెండు పాలసీల ప్రీమియం తేదీలను పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయండి.

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక 45 నిమిషాలు ఈ పుస్తకానికి. రాబోయే 14 రోజుల్లో ఏమున్నాయో చూడండి, కట్టగలిగినవి అప్పుడే కట్టేయండి, ఎవరికైనా ఫోన్ చేయాల్సి ఉంటే సోమవారం ఉదయం 11 గంటలకు అని టైముతో సహా రాయండి. తర్వాత పుస్తకం మూసేయండి. వారం మధ్యలో బిల్లు గుర్తొచ్చినా ‘ఆదివారం చూస్తాను’ అనడానికి అప్పుడు మీకు హక్కు వస్తుంది, ఎందుకంటే నిజంగానే చూస్తారు కనక. మనసు ఈ మాటను నమ్మడానికి ఐదారు వారాలు పడుతుంది. రెండు ఆదివారాలు ఎగ్గొడితే మళ్లీ మొదటికొస్తుంది.

పనికీ భయానికీ మధ్య గీత

పుస్తకం వెనకవైపు నుంచి ఇంకో భాగం మొదలుపెట్టండి. పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు భయం ఏమంటోందో దాని మాటల్లోనే రాయండి. కుడివైపు, దాంట్లో ఇవాళ గానీ ఈ వారంలో గానీ చేతులతో చేయగల పని ఏదైనా ఉంటే అది రాయండి. లేకపోతే ఖాళీగా వదిలేయండి. ఖాళీని నింపడానికి ప్రయత్నించకండి.

ఉదాహరణకు వానాకాలం తీసుకుందాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చూసినవాళ్లకు వేళచ్చేరిలోనో పళ్లికరణైలోనో రాత్రి వాన చప్పుడు వింటేనే గుండె జారుతుంది. ధ్యానంలో ఎంత లోతుకు వెళ్లినా ఒంటికి ఆ జ్ఞాపకం ఉంటుంది. ఎడమవైపు: ‘నీళ్లు ఇంట్లోకి వస్తాయి, కారు మునుగుతుంది, మూడు రోజులు కరెంటు ఉండదు, నాన్నకు ఊపిరాడకపోతే ఎక్కడికి తీసుకెళ్లాలి?’ కుడివైపు: సేల్ డీడ్, పాలసీలు, పాస్‌పోర్టులు జిప్ కవర్లలో పెట్టి పై అరలోకి, వాటి ఫోటోలు డిజిలాకర్‌లోనో మెయిల్‌లోనో, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు అదనంగా, నాన్నకు 15 రోజుల మందులు, నెట్ పోతే యూపీఐ పనిచేయదు కనక 5,000 రూపాయలు చిన్న నోట్లలో, కారు బీమాలో ఇంజను రక్షణ ఉందో లేదో చూడటం, నీళ్లలో ఆగిన కారును స్టార్టు చేయకూడదని ఇంట్లో అందరికీ చెప్పడం, ఎత్తు మీద ఉన్న స్నేహితుల ఇంటికి అవసరమైతే వస్తామని ముందే ఒక మాట వేయడం. ఒక శనివారం చాలు ఇదంతా చేయడానికి.

ఇవన్నీ చేశాక కూడా వాన చప్పుడుకు గుండె జారవచ్చు. అప్పుడు ఎడమవైపు మిగిలింది పని కాదు, ఒట్టి భయం. దానికి ఇంకో జాబితా రాయడం మందు కాదు. దాన్ని ఒంట్లో జరిగేదిగా చూడాలి, అది తర్వాతి భాగం.

ఈ గీత గీయకపోతే రెండు పొరపాట్లు జరుగుతాయి. చేయాల్సిన పనిని ‘భయం, దాన్ని సాక్షిగా చూస్తాను’ అని వదిలేస్తారు. నాన్న ఆయాసం భయం కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన పని. లేదా చేయగలిగింది ఏమీ లేని దాని చుట్టూ రాత్రంతా పనులు కల్పించుకుంటారు.

భయం ఒంట్లోకి దిగినప్పుడు

సాయంత్రం ఏడు గంటలకు, ఆఫీసు బస్సులో ఉండగా, బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది: డబ్బు చాలక ఈఎంఐ వెనక్కి వెళ్లింది. చదివీ చదవగానే పొట్టలో బిగువు, చెవుల్లో వేడి, ఊపిరి పైపైన. ఆలోచన ఇంకా పూర్తిగా రాకముందే ఒళ్లు పరుగెత్తడానికి సిద్ధమైపోయింది. ఈ క్షణంలో ‘నేను శుద్ధ చైతన్యాన్ని’ అనుకోవడం పనిచేయదు. ఒళ్లు ఆ మాట వినే స్థితిలో లేదు.

ముందు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించండి. నాలుగు లెక్కపెట్టేంత సేపు ముక్కుతో ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. ఊపిరి బిగబట్టొద్దు, లోతుగా లాగొద్దు, వదలడం పొడుగ్గా ఉంటే చాలు. వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గడం ఒంటి స్వభావం, మనం చేసేదల్లా ఆ భాగాన్ని సాగదీయడమే. ఐదు నిమిషాలు ఇలా. చాలామంది గట్టిగా, వేగంగా ఊపిరి తీసి తల తిరిగేలా చేసుకుంటారు. అది భయాన్ని పెంచుతుంది. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన ప్రాణాయామాలు ఈ సమయంలో అస్సలు వద్దు.

అప్పుడు భయం ఒంట్లో ఎక్కడుందో చూడండి. పొట్టలోనా, గొంతులోనా, గుండెలోనా? ఎంత వెడల్పు, కదులుతోందా, వేడిగా ఉందా? దాన్ని పొమ్మనకండి. కథ లేకుండా ఆ అనుభూతిని మాత్రమే చూస్తే తీవ్రమైన భయం పది నిమిషాల్లో శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. ‘ఇంకా పోలేదేం’ అని మధ్యమధ్య తడిమి చూస్తే దిగదు. ఎరుక కలిగినవాళ్లకు ఇక్కడ ఒక వీలుంది: చూడటం అనేది వాళ్లకు ఇప్పటికే చేతనైన పని. కొత్తగా నేర్చుకోవాల్సింది చూసిన తర్వాత లేచి ఫోన్ తీయడం.

ఒళ్లు సద్దుమణిగాక అకౌంటు తెరిచి ఎంత తక్కువైందో చూడండి. ఆ రాత్రే డబ్బు వేయండి, పొద్దున్నే బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో అడగండి, పుస్తకంలో రాయండి. అంతే. ఎందుకు తప్పింది అన్న విచారణ ఆదివారానికి.

ఒక్క జాగ్రత్త. ఛాతీలో బరువుతో పాటు నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా, చల్లటి చెమటలు పడుతున్నా, దాన్ని భయమని సాక్షిగా చూస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

ఆఫీసులో

ఈ దశలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీది ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా చెప్పే బాధ, పని అర్థం లేనిదిగా అనిపించడం. అర్థం ఉందా లేదా అన్నది మండలం తర్వాత చూద్దాం. ఈలోగా రోజుకు మూడు పనులు ఎంచుకుని, అవి పూర్తిగా చేసి, చేశానని మెయిల్‌లో రాయండి. గొప్పగా చేయనక్కర్లేదు, మధ్యలో వదలకుండా చేయాలి. మీకు లోపల ప్రశాంతంగా ఉంటుంది కానీ ఎదుటివాళ్లకు మీ మౌనం నిర్లక్ష్యంగా కనబడుతుంది. ప్రశ్న అడిగితే వెంటనే తెలియకపోయినా ‘సాయంత్రం నాలుగింటికల్లా చెబుతాను’ అనండి, ఆ టైముకు చెప్పండి. మీ అనుభవం గురించి ఆఫీసులో ఎవరికీ చెప్పకండి. చెప్పాలనిపించడం సహజం, విన్నవాళ్లకు మాత్రం అది సెలవు అడగడానికి ముందు మాటలా వినిపిస్తుంది.

నిజంగానే ఉద్యోగం మానాలనుకుంటే, లెక్క ఇలా చూడండి. ఇంటి ఖర్చు ఈఎంఐతో కలిపి నెలకు 70,000 అయితే, 12 నెలలకు 8,40,000. ఇది చేతిలో ఉండాలి, పీఎఫ్ కాకుండా. ఆఫీసు ఆరోగ్య బీమా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నలు కూడా ఉంటే వాళ్లకు బయట కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఎదురుచూపు పెట్టొచ్చు. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో నోటీసు ఇవ్వకముందే అడగండి. పీఎఫ్ ఉన్న ఉద్యోగంతో పాటు వచ్చే 7 లక్షల దాకా జీవిత బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. ఇవన్నీ చూసుకున్న తర్వాత కూడా మానాలనిపిస్తే ధైర్యంగా మానండి. మానడంలో తప్పు లేదు, లెక్క చూడకుండా మానితే మూడో నెలలో భయం రెట్టింపై వస్తుంది, అప్పుడు ధ్యానమూ నిలవదు.

నామినీలు, వీలునామా

చావంటే భయం తగ్గినవాళ్లు చేయాల్సిన మొదటి మంచి పని ఇది, భయం ఉన్నవాళ్లు దీన్ని వాయిదా వేస్తారు కనక. పీఎఫ్‌కు ఆన్‌లైన్‌లో ఈ-నామినేషన్ చేయండి. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి అలాగే వదిలేసిన నామినేషన్లు పెళ్లయ్యాక చెల్లవు, కొత్తగా చేయాలి. బ్యాంకు అకౌంట్లకు 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. వీలునామా తెల్లకాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి అందుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. వీలునామా అసలు కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒకరికి తెలియాలి.

ఇంట్లోవాళ్ల భయం

మీ భయం తగ్గినప్పుడు ఇంట్లోవాళ్ల భయం పెరుగుతుంది. మీరు మాట తగ్గించారు, టీవీ చూడటం లేదు, మాంసం మానేశారు, పక్క వేరుగా వేసుకుంటున్నారు. మీ ఆవిడకు కనబడేది ఎరుక కాదు, దూరం. అమ్మకు గుర్తొచ్చేది ఊళ్లో ఇల్లొదిలి వెళ్లిపోయిన ఏ దూరపు చుట్టమో. వాళ్ల భయం అర్థం లేనిదేమీ కాదు. సంసారం వదిలి మతాశ్రమంలో చేరడాన్ని 1955 హిందూ వివాహ చట్టం విడాకులకు ఒక కారణంగా గుర్తించింది, అంటే చట్టం కూడా దాన్ని అవతలివాళ్లకు జరిగిన నష్టంగానే చూస్తుంది.

వాళ్లకు వేదాంతం చెప్పకండి. మూడు ముక్కలు చాలు. ‘నేను ఎక్కడికీ వెళ్లడం లేదు. ఇంటి ఖర్చులు ఇదిగో ఈ పుస్తకంలో ఉన్నాయి, నువ్వూ చూడు. పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు కూర్చుంటాను, ఆ టైములో తప్ప ఎప్పుడైనా పిలువు.’ అమ్మ ఫోన్‌లో ఏడిస్తే, ‘అమ్మా, వచ్చే నెల రెండో శనివారం వస్తున్నా, టికెట్టు తీశాను’ అనండి, తీసి మరీ అనండి. మాటకు తారీఖు తోడైతే ఇంట్లోవాళ్లు కుదుటపడతారు. పిల్లల హోంవర్కు, కూరగాయలు, సిలిండరు బుకింగు, వీటిలో కనీసం ఒకటి పూర్తిగా మీ చేతిలోకి తీసుకోండి. ఇంతకు ముందు చేయని పనైతే మరీ మంచిది.

దాంపత్యం గురించి కూడా సూటిగా చెప్పాలి. కోరిక తగ్గిందనిపిస్తే ఆ మాట భార్యతోనో భర్తతోనో కూర్చుని మాట్లాడండి. ఒక్కరే బ్రహ్మచర్యం నిర్ణయించుకుని రెండోవాళ్లకు తెలియజేయడం సాధన కాదు, అన్యాయం.

నిద్ర, తిండి, బండి

భయం తిరిగొచ్చిన చాలామందిలో మొదట చూడాల్సింది నిద్ర. రాత్రి రెండు గంటలకు లేచి ధ్యానం చేసి, ఏడింటికి ఆఫీసు బస్సెక్కితే వారం తిరిగేసరికి ఒళ్లు దడదడలాడుతుంది. ఏడు గంటల నిద్ర పోయాకే సాధన. ధ్యానం రోజుకు రెండు పూటలూ ఇరవయ్యేసి నిమిషాలకు తగ్గించండి. లోపల తిరుగుడుగా, తేలిపోతున్నట్టుగా, చేతులు మీవి కానట్టుగా ఉంటే పూర్తిగా ఆపి, బదులు నలభై నిమిషాలు నడవండి. ఎలియట్స్ బీచ్ ఇసుకలో చెప్పుల్లేకుండా నడక, ఇల్లు తుడవడం, బట్టలు ఉతకడం మంచి మందులు. అన్నం, పప్పు, నెయ్యి, పెరుగు కడుపునిండా తినండి. ఉపవాసాలు ఈ రోజుల్లో వద్దు. ఫిల్టర్ కాఫీ పొద్దున ఒకటి చాలు. మధ్యాహ్నం రెండు దాటాక తాగిన కాఫీ రాత్రి పదింటికి కూడా ఒంట్లో కొంత మిగిలే ఉంటుంది.

ధ్యానం నుంచి లేవగానే బండి తీయకండి. అరగంట ఆగి, ఏదైనా తిని, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడి అప్పుడు బయల్దేరండి. జీఎస్టీ రోడ్డు లాంటి రద్దీ హైవే మీద మనసు విశాలంగా ఉంటే చాలదు, అద్దంలో చూడాలి.

డాక్టరును చూడాల్సిన సమయం

దడ, వణుకు, బరువు తగ్గడం, నీరసం ఉంటే ముందు రక్త పరీక్ష చేయించండి: థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12. శాకాహారుల్లో బి12 తగ్గడం మామూలు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా అచ్చం భయంలాగే ఉంటుంది.

ఇవి కనిపిస్తే వాయిదా వేయకండి: మూడు నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట లేకుండా ఉత్సాహం పొంగిపోవడం, ఆగకుండా మాట్లాడటం, ఉన్న డబ్బంతా పంచిపెట్టడం, ప్రపంచాన్ని మార్చే పని తనకే అప్పగించారని నమ్మడం, గొంతులు వినిపించడం, తిండి స్నానం మానేయడం, చనిపోవాలన్న ఆలోచన. వీటిలో ఉన్న మనిషికి తను బాగానే ఉన్నానని గట్టిగా అనిపిస్తుంది. కాబట్టి ఈ జాబితాను మీ ఇంట్లో ఒకరికి ముందే ఇచ్చి, ‘ఇవి నాలో కనబడితే నేను వద్దన్నా తీసుకెళ్లు’ అని చెప్పి ఉంచండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. మందు వేసుకున్నంత మాత్రాన కలిగిన ఎరుక చెరిగిపోదు. నిద్ర పట్టి, తల నిలకడ పడ్డాక సాధన తిరిగి మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు.

40 రోజులు గడిచాక

41వ రోజున పుస్తకం ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చదవండి. ముందువైపు టిక్కులు లేని గడులు మూడుకు మించి ఉంటే పెద్ద నిర్ణయాలను ఇంకో మండలం వాయిదా వేయండి. వెనకవైపు ఎడమ భాగంలో పదేపదే వస్తున్న మాట ఏదో చూడండి. చాలామందికి అది డబ్బు గురించి కాదు, ఒక మనిషి గురించి ఉంటుంది: మాట్లాడటం మానేసిన అన్నయ్య, క్షమాపణ చెప్పాల్సిన స్నేహితుడు, ఇరవై ఏళ్లుగా తేల్చని పొలం గట్టు. దానికి కుడివైపు ఒక పని రాయండి, ఫోన్ నంబరుతో, టైముతో. ఆ తర్వాత ఆదివారం లెక్క చూసే పని నెలకు రెండుసార్లు మీవాళ్లకు అప్పగించండి, మిగిలిన రెండుసార్లు మీరు చూడండి.